ఐదో కప్పు

ఆ ఆదివారం నీళ్ళ ట్యాంకరు వెనక గేటుకి రాలేదు. వచ్చి ఉంటే ఈ గొడవంతా ఉండేదే కాదు.

నజ్లా మాత్రం రోజూలాగే పొద్దుటి రొట్టెల పని ముగించింది. ముందురోజు భోజనాల్లో మిగిలిన రొట్టెల్ని మైదా సంచిలో నింపి, మూతి తాడుతో బిగించి, వంటశాల వెనక కంచెకున్న కొక్కేనికి తగిలించి వచ్చింది. నేల మీద పెట్టలేదు. రొట్టెని నేల మీద పెట్టరు. మిగిలిన తిండి ఏదైనా సరే నల్ల సంచుల్లో వేసి చెత్త బండికి ఇవ్వాలని గోడ మీద కాగితం అంటించి ఉంది. ఎముకలూ, పులుసూ, కాగితం గ్లాసులూ, వాటి మధ్య రొట్టె. ఆ కాగితం అంటించినవాళ్ళకి కడుపులు నిండుగా ఉండి ఉంటాయని సరిపెట్టుకుంది నజ్లా. ట్యాంకరు నడిపే మొఖ్లిద్, నీళ్ళు దించి వెళ్తూ వెళ్తూ ఆ సంచి తీసుకుని గొట్టాల పెట్టెలో పెట్టుకుంటాడు. వాళ్ళింట్లో గొర్రెలున్నాయి. దీని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఒకరోజు ఆమె తగిలించింది. అతను తీసుకెళ్ళాడు. అదే అలవాటైపోయింది.

ఆ ఎడారి శిబిరంలో పరదేశం సైనికులు తుపాకులు తప్ప తమవంటూ ఏమీ మోసుకురాలేదు. తాగే నీళ్ళు, తినే తిండి, జనరేటర్లకి డీజిలు, ఉతికిన బట్టలు, చెత్త ఎత్తడం, గేట్ల దగ్గర కావలి, అన్నీ కాంట్రాక్టు కంపెనీవే. ఆ కంపెనీ తరఫున రొట్టెల విభాగం నడిపేది నజ్లా. అజ్రక్ ఊళ్ళో ఆమెని అందరూ ఉమ్ షిబ్లీ, అంటే షిబ్లీ వాళ్ళమ్మ, అంటారు, పెద్దకొడుకు పేరుతో. ఆమె కింద ఇద్దరు ఆడవాళ్ళు, ఇల్హామ్, సబ్హా. ముగ్గురూ ఒకే ఊరివాళ్ళు, ఒకే బస్సులో వచ్చేవాళ్ళు. ఇల్హామ్ నజ్లాని ఖాలా అంటుంది, పిన్ని అన్నట్టు.

ఆ పొద్దున ఇల్హామ్ పిండి ముద్దలు తుంచి బల్ల మీద వరసగా పెడుతూ, శుక్రవారం వాళ్ళింటికి పెద్దమనుషులు వచ్చిన కథ చెబుతోంది. ఎవరి కారో తగిలి ఆమె తమ్ముడి కాలు విరిగింది. క్షమించమని అడగడానికి ఆ కారువాళ్ళ తరఫున ఊరి పెద్దలు కదిలొచ్చారు.

"మా నాన్న కాఫీ పెట్టించాడు. ఒక్కడంటే ఒక్కడు కప్పు ముట్టడే! మా అమ్మ పాపం మూడుసార్లు వేడి చేసి పంపింది. మూడుసార్లూ చల్లారింది."

"మీ అమ్మకి అంత తెలీదా? అడిగింది ఇస్తానని ఇంటాయన నోటితో అనేదాకా కప్పు ముడతారా ఎక్కడైనా? తాగేస్తే ఇక అడిగేదేముంటుంది?" అంది నజ్లా.

"తాగారా చివరికి?" సబ్హా అడిగింది. ఆమె ముగ్గురిలో పెద్దది. నవ్వదు, ఎదుటివాళ్ళని నవ్విస్తుంది.

"మధ్యాహ్నం దాటింది. మా నాన్నకి ఆకలేసింది. సరే పొండి క్షమించాను, కాఫీ తాగండి అనేశాడు."

"మీ తమ్ముడి కాలికంటే మీ నాన్న కడుపు దయ గలదన్నమాట," అంది సబ్హా.

ఇల్హామ్ పకపకా నవ్వుతుండగానే సైరన్ మోగింది.

సైరన్ మోగితే ఏం చేయాలో వాళ్ళ చేతులకే తెలుసు. పొయ్యి ఆపడం, పిండి మీద తడిగుడ్డ కప్పడం, కాంక్రీటు బంకరులోకి పరిగెత్తడం. బంకరు తలుపు దగ్గర నిలబడి అబూ మిష్అల్ అందర్నీ లోపలికి తోస్తున్నాడు. కంపెనీ సరుకుల సూపర్‌వైజర్ అతను. తలలు లెక్కపెట్టడు, పేర్లు పిలుస్తాడు. "తిలక్! ఏడీ ఆ నేపాలీ? గిన్నెలు మళ్ళీ తోముకోవచ్చు, రారా! సబ్హా, నీ మోకాళ్ళ నొప్పులు తరవాత, ముందు పద!" అందరూ వచ్చాక తను చివర్న లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాడు.

చీకట్లో కూర్చున్నారు. కాసేపటికి బయట ఢమ్మని మొద్దు చప్పుడు. తరవాత అంతా సద్దుమణిగింది.

తలుపు తెరిచి బయటికొచ్చేసరికి వంటశాల వెనక ఇసకంతా రొట్టెలు. కంచెకి తెలియని సంచి వేలాడుతోందని కొత్తగా వచ్చిన కావలివాడు బురుజు మీంచి చూశాడు. బాంబేమోనని కబురు పెట్టాడు. చిన్న బండిలాంటి మరమనిషి వచ్చి దాన్ని పేల్చేసింది. మైదా సంచి పీలికలు ముళ్ళతీగకి అతుక్కుని ఉన్నాయి. నిన్నటి గుండ్రొట్టెలు, పలచ రొట్టెలు, ముక్కలు, తునకలు, ఎక్కడ చూసినా అవే. దూరంగా సైనికులు హెల్మెట్లు తీసి నవ్వుకుంటున్నారు. పెద్ద ప్రమాదం తప్పినప్పుడు వచ్చే నవ్వు అది. నజ్లాకి అదంతా తెలియలేదు. ఆమె కంటికి ఒక్కటే కనిపించింది. ఒక సైనికుడు వెనక్కి అడుగు వేస్తున్నాడు, అతని బూటు కింద రొట్టె.

ఆమె వెళ్ళి వంగింది. ఒక ముక్క తీసి, ఇసక ఊది, పెదాలకీ నుదుటికీ ఆనించి ఒళ్ళో వేసుకుంది. ఇంకొకటి. ఇంకొకటి. వెనకనే ఇల్హామ్ వచ్చి కూర్చుంది. సబ్హా మోకాళ్ళు పట్టుకుని వంగింది. తరవాత గిన్నెల తిలక్, చెత్త బండి బంగ్లాదేశీ, లాండ్రీ ఈజిప్టువాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఏరడం మొదలుపెట్టారు. గేటు కావలిపెద్ద ఒకెల్లో, ఉగాండా మనిషి, భుజాన తుపాకీ వెనక్కి తోసుకుని మరీ ఏరాడు. సైనికుల నవ్వు ఆగిపోయింది. బూటు కింద రొట్టె ఉన్నవాడు కిందకి చూసుకుని, కాలు తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"ఎవరిదీ సంచి?" అబూ మిష్అల్ గొంతు. పక్కన కెప్టెన్, అతని పక్కన మాటలు తర్జుమా చేసే దుబాసీ నిజార్.

"నాది," అంది నజ్లా లేచి నిలబడి. ఒడి నిండా రొట్టెలు. "తగిలించింది నేనే."

"ఎవరికోసం?"

మొఖ్లిద్ పేరు గొంతు దాకా వచ్చింది. చెబితే అతని బతుకూ పోతుంది. "రొట్టె కోసం," అంది.

నిజార్ దాన్ని ఏమని తర్జుమా చేశాడో, కెప్టెన్ ముఖం గట్టిపడింది. రెండు ముక్కలు మాట్లాడాడు. అబూ మిష్అల్ తల ఊపి, చిత్తం అన్నట్టు, "హాజరు," అన్నాడు. అతనికి కెప్టెన్ ముందు వచ్చే మాట అదొక్కటే. ముందుకొచ్చి, నజ్లా మెడలో వేలాడుతున్న గేటు పాసు తన చేత్తోనే తీసి, చొక్కా జేబులో పెట్టుకుని, జేబు గుండీ పెట్టుకున్నాడు.

*

తిరుగు బస్సులో ఇల్హామ్ కిటికీకి తల ఆనించుకుని కూర్చుంది. 

విషయం అందరికీ తెలిసిపోయింది. నజ్లా పాసు గురువారంతో రద్దు. మళ్ళీ ఏ శిబిరంలోనూ అడుగుపెట్టే వీలు ఉండదు. గురువారం రాజధాని అమ్మాన్ నుంచి గడ్డకట్టిన పాకెట్ రొట్టె వస్తుంది. అందాకా సైన్యానికి రొట్టె కావాలి కాబట్టి తాత్కాలికంగా ఇచ్చే ఎర్ర బిళ్ళ మీద, వెంట ఒక సూపర్‌వైజర్ కాపలాగా ఉంటేనే, ఆమె వచ్చి పనిచేయవచ్చు.

"నువ్వు రాకపోతే మా నాన్న నన్ను గడప దాటనివ్వడు, ఖాలా," అంది ఇల్హామ్ చివరికి. "ఉమ్ షిబ్లీ ఉంది కదా అనే ఒప్పుకున్నాడు."

"నన్ను ఆపేవాళ్ళు ఎవరూ లేరు," అంది సబ్హా. "కానీ పాకెట్ చింపడానికి నేనెందుకు? కత్తెర చాలు." మళ్ళీ తనే, "నిన్ను అమ్మేశాడు ఆ అబూ మిష్అల్. మన సైన్యంలో ముప్పై ఏళ్ళు సరుకుల సార్జెంటుగా చేసినవాడు. రొట్టె విలువ తెలియనివాడా? హాజరు, హాజరు! రేపు కెప్టెన్ కూర్చోమంటే కూడా హాజరంటాడు."

నజ్లా మెడ వెనక పాసు తాడు ఒరుసుకునే చోట అలవాటుగా చెయ్యి పెట్టుకుంది. అక్కడ ఏమీ లేదు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, ఆ పొయ్యి ముందు నిలబడ్డాకే తనకి ఇంత పెద్ద చేతులున్నాయని తెలిసింది. వెయ్యి మందికి పిండి కలపగలదని తెలిసింది. ఇంటికెళ్ళి ఇద్దరికి రొట్టెలు కాల్చుకుంటూ ఆ చేతుల్ని ఏం చేసుకోవాలి?

*

సోమవారం పొద్దున ఎర్ర బిళ్ళ చేతికిచ్చింది అబూ మిష్అలే. కాపలా సూపర్‌వైజర్ అంటే ఎవరో అనుకుంది. అతనే వచ్చి రొట్టెల గదిలో మైదా బస్తాల మీద కూర్చున్నాడు. మూడు ఫోన్లు పక్కన పెట్టుకున్నాడు, తల మీద గళ్ళ రుమాలు సర్దుకున్నాడు.

"నా పని చూసుకోవాలి, నీకు కాపలా కాయాలి. రెండు చోట్ల ఉండటానికి నాకు రెండు శరీరాలు లేవు. ఇక్కడే ఉంటా. అడ్డమనిపిస్తే బస్తా అనుకో," అన్నాడు.

"బస్తా అయితే అరవదు," అంది సబ్హా పిండి వైపు చూస్తూ.

అతను అరుస్తూనే ఉన్నాడు, పొద్దున్నించీ. డీజిలు బండి ఎక్కడుంది? జర్కా దాటిందా? ఏ డ్రైవరు? వాడి బండి కుడి అద్దం వదులు, ఎదురుగాలి ఉంటే మలుపులో ఆగమని చెప్పు. ఐసు పెట్టెల లారీ కంప్రెసరు ఆగిపోయిందా? కూడలి దగ్గర పెట్రోలు బంకు వెనక చేపల కొట్టుంది, వాడి కరెంటు ప్లగ్గు అడుగు, నా పేరు చెప్పు. లాండ్రీ సబ్బు రాలేదా? ఎవరు చెప్పారు రాలేదని? నిన్న మూడో షెడ్డులో తడవని మూల దింపించాను, కళ్ళు పెట్టుకుని చూడండి. ఒక్క కాగితం ముందు లేదు. ఎడారి మీద తిరిగే బళ్ళన్నీ అతని నుదుటి వెనక ఎక్కడో వరసగా నడుస్తున్నట్టుంది. నజ్లా పెనం మీద రొట్టె తిప్పుతూ వింటోంది. తనకి పొద్దున బస్సు దిగేసరికి పిండి ఉంటుంది, నీళ్ళుంటాయి, గ్యాసుంటుంది. అవి ఉంటాయి కాబట్టి ఉన్నాయనుకుంది ఇన్నాళ్ళూ.

మధ్యాహ్నం ఆమెకి బయటికి వెళ్ళాల్సిన అవసరం వచ్చింది. ఎర్ర బిళ్ళవాళ్ళు ఎక్కడికెళ్ళినా కాపలా వెంట వెళ్ళాలి. ముఖం ఎర్రబడింది. అతను లేచి, పది అడుగులు ముందు నడిచి, ఆడవాళ్ళ గదుల వైపు వీపు పెట్టి ఎడారి వైపు తిరిగి నిలబడ్డాడు. ఫోన్ తీసి శిబిరమంతా వినబడేటట్టు ఎవడో లారీవాడిని తిట్టడం మొదలుపెట్టాడు. ఆమె తిరిగొచ్చేదాకా తిట్టాడు. గొంతు ఆపి "పద," అన్నప్పుడు చూసింది. ఫోన్ తెర చీకటిగా ఉంది. అవతల ఎవరూ లేరు.

భోజనాలయ్యాక మిగిలిన పళ్ళాలు వచ్చాయి. తిలక్ నల్ల సంచి తెరిచి పట్టుకున్నాడు. నజ్లా గోడ వైపు తిరిగి నిలబడింది, చూడలేక. అబూ మిష్అల్ చూస్తున్నాడు. ఎముకలు పడ్డాయి, సలాడ్ పడింది, కరిగిన ఐస్‌క్రీమ్ పడింది. ఆ పైన రొట్టెలు. కొరకనివి, విరవనివి, పొద్దున తన కళ్ళ ముందు నజ్లా చేతుల్లో ఉబ్బినవే. ఒక ముక్క జారి అతని బూటు పక్కన పడింది. వంగి తీశాడు. ఊదాడు. పెదాలకీ నుదుటికీ ఆనించాడు. తరవాత దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. బల్ల మీద పెడితే తిలక్ ఎత్తి సంచిలో వేస్తాడు. అలమారలో పెడితే తనిఖీవాళ్ళు పట్టుకుంటారు. కంచె సంగతి సరే సరి. చివరికి చొక్కా జేబు గుండీ విప్పి, ఆమె పాసు పక్కన పెట్టుకుని, మళ్ళీ గుండీ పెట్టుకున్నాడు.

నజ్లా కంటి చివర నుంచి చూసింది. చూడనట్టు ఊరుకుంది.

మంగళవారం గాలి లేచింది. ఆకాశం పసుపు రంగుకి తిరిగి, కంచె అవతల ఏమీ కనిపించకుండా పోయింది. అజ్రక్ అవతల దారి మూసేశారు. మైదా లారీ మఫ్రక్ దగ్గరే ఆగిపోయింది. అబూ మిష్అల్ ఫోన్ కింద పెట్టి మొదటిసారి ఆమె వైపు తిరిగి అడిగాడు.

"ఉమ్ షిబ్లీ, పిండి ఎంతవరకు వస్తుంది?"

"గుండ్రొట్టెలు చేస్తే రాత్రి భోజనాలతో సరి. అవి మానేసి మన పలచ రొట్టె చేస్తే రేపు రాత్రి దాకా లాగుతాను."

"సైనికులు తింటారంటావా?"

"వేడిగా ఉంటే తింటారు. చల్లారితే మీ పేరు చెప్పుకుని తిడతారు."

"తిట్లు తినడానికే కంపెనీ నన్ను పెట్టుకుంది. కానివ్వు," అన్నాడు.

ఆ రెండు రోజులూ ముగ్గురు ఆడవాళ్ళూ పెనాల మీద నుంచి చెయ్యి తీయలేదు. సబ్హా ముద్ద పరిచి గాల్లో తిప్పితే, ఇల్హామ్ అందుకుని పెనం మీద వేస్తే, నజ్లా తీసి దొంతి పెట్టేది. దొంతి తువ్వాలు కింద ఆవిరి కక్కుతూ ఉండగానే తిలక్ పరిగెత్తేవాడు. సైనికులు ముక్క మిగల్చలేదు. ఇంకా ఉందా అని అడగడానికి ఒకడు వంటశాల తలుపు దాకా వచ్చాడు. ఆదివారం ఒంటికాలి మీద నిలబడినవాడే అతను. అవతల అబూ మిష్అల్ దారిలో చిక్కుకున్న డ్రైవర్ల ఇళ్ళకి ఒక్కొక్కరికే ఫోన్ చేస్తున్నాడు. "అమ్మా, మీ ఆయన క్షేమం. బంకు దగ్గర పడుకున్నాడు. తిన్నాడు. నేను తినిపించాను." అతను చెప్పేదాకా ఆ ఇళ్ళలో ఎవరూ నిద్రపోలేదని నజ్లాకి గొంతులు వింటేనే అర్థమైంది.

బుధవారం సాయంత్రానికి గాలి తగ్గింది. బస్సు కోసం చూస్తుండగా అతను హఠాత్తుగా అన్నాడు, "మొఖ్లిదే కదా?"

"ఏ మొఖ్లిద్?" అంది నజ్లా.

"మంచిది." గడ్డం గోక్కున్నాడు. "లోపలికి ఏది ఎలా తేవాలా అనే నా బతుకంతా ఆలోచించాను. బయటికి పోయేవాటికి కూడా దారి వేశాను. ఖాళీ సిలిండర్లు, నీళ్ళ డబ్బాలు, పగిలిన చెక్కలు, పాత టైర్లు. అన్నిటికీ గేటు దగ్గర ఆకుపచ్చ చీటీ ఉంది. పాత టైరుకి ఉంది! రొట్టెకి లేదు. నాకు తట్టనే లేదు, చూడు."

నజ్లా బస్సు వచ్చే దారి వైపు తిరిగింది. రేపు గురువారం. రొట్టెకి దారి ఉంటే తనకేం, లేకపోతే తనకేం.

*

గురువారం అతను రొట్టెల గదిలోకి వస్తూనే కాఫీ చేయమన్నాడు.

"మన కాఫీ. చేదుగా. ఏలకులు దంచి వెయ్యి. కాగితం గ్లాసులు కాదు, చిన్న కప్పులు తీయి. కెప్టెన్‌కొకటి, పైన ఐదు."

"ఎందుకు?"

"చేయమంటే చేయి. పదింటికి కెప్టెన్ గది నుంచి ఫోనొస్తుంది, అతిథులకి కాఫీ పంపమని. తిలక్‌తో పంపు."

తన బదులు కాపలాకి ఒకెల్లో దగ్గర పనిచేసే కావలి అమ్మాయిని కూర్చోబెట్టి వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి బస్తా మీద కూర్చుని వేడి రొట్టె అడిగి పెట్టించుకుంది.

కాఫీ పొంగుతుండగా ఇల్హామ్ కిటికీ దగ్గర నుంచి కేకేసింది. "ఖాలా! ఇటు రా, ఇటు రా!"

కంకర బాట మీద ఐదుగురు నడుస్తున్నారు. ముందు అబూ మిష్అల్. ఉతికిన తెల్ల నిలువుటంగీ, తల మీద ఇస్త్రీ రుమాలు, దాని చుట్టూ నల్ల తాడు. పని బట్టలు కాకుండా అతన్ని ఎప్పుడూ చూడలేదు వాళ్ళు. వెనక లాండ్రీ ఈజిప్టు మేస్త్రీ, చెత్త బండి బంగ్లాదేశీ, ఒకెల్లో. అందరికంటే చివర, తల వంచుకుని, ట్యాంకరు మొఖ్లిద్.

"యా అల్లా," అంది సబ్హా నెమ్మదిగా. "పెద్దమనుషులు. ఆ పరదేశీ దగ్గరికి పెద్దమనుషుల్ని తీసుకెళ్తున్నాడు."

నజ్లా చేతిలో కాఫీ గిన్నె పొంగి పొయ్యి మీద ఒలికింది.

ఫోనొచ్చింది. కప్పులు నింపింది. తిలక్ ట్రే పట్టుకెళ్ళాడు. తరవాత ఆమె పిండి కలపడానికి కూర్చుంది కానీ చేతులు నీళ్ళెక్కువ పోశాయి. తీసేసి మళ్ళీ మొదలుపెట్టింది.

తిలక్ తిరిగొచ్చాడు. ట్రేలో ఒకటే కప్పు.

"కెప్టెన్ తన కాఫీ తాగేశాడు. వీళ్ళెవరూ ముట్టలేదు, ఖాలా. కాఫీ బాగోలేదేమో, టీ పంపమన్నాడు."

"టీ వద్దు," అంది నజ్లా.

"బిస్కెట్లు కూడా పంపమన్నాడు."

"ఏమీ వద్దు. ఏం మాట్లాడుతున్నారో చెప్పు."

"నీ పాసు రద్దు చేయొద్దని అడిగారు. ఆ తరవాత మాటల్లేవు. గోడల్లా కూర్చున్నారు. నిజార్ సార్ చెవిలో చెబుతున్నాడు, కప్పు తాగేదాకా వీళ్ళు కదలరు, అడిగింది ఇస్తేనే తాగుతారని. ఎంతసేపు కూర్చుంటారని కెప్టెన్ అడిగాడు. తన తాత ఒకసారి మూడు రోజులు కూర్చున్నాడని అబూ మిష్అల్ చెప్పాడు. అది నిజమేనా అని నిజార్ సార్ మళ్ళీ ఆయన్నే అడుగుతున్నాడు."

"నిజమేనా?" కావలి అమ్మాయి అడిగింది.

"వాళ్ళ తాత నాకు తెలుసు," అంది సబ్హా. "మూడు గంటలు కూడా ఒక చోట కూర్చునేవాడు కాదు. నువ్వు వెళ్ళు తిలక్, తలుపు దగ్గరే ఉండు."

పొయ్యిలో రొట్టెలు ఉబ్బాయి, తీశారు. ఇంకో వాయి వేశారు. గేటు బయట అమ్మాన్ నుంచి వచ్చిన చలి లారీ హారన్ కొట్టి ఆగింది. పాకెట్ రొట్టె. దాన్ని లోపలికి రానివ్వాల్సిన సూపర్‌వైజర్ కప్పు ముందు కూర్చుని ఉన్నాడు కాబట్టి అది అక్కడే నిలబడి ఇంజను గురక పెడుతోంది.

ఈసారి తిలక్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ట్రేలో కప్పులు గలగలమంటున్నాయి. నజ్లా అతని ముఖం చూడలేదు. కప్పులు చూసింది. ఒకటి ఖాళీ. రెండోది ఖాళీ. అడుగున ముద్ద కాఫీ తప్ప ఏమీ లేదు. మూడు. నాలుగు.

"ఇచ్చాడు!" ఇల్హామ్ ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. పిండి చేతులు రెండూ వీపంతా అంటుకున్నాయి. "నీ పాసు ఇచ్చేశాడు!"

"మొఖ్లిద్ లేచి, సంచి తీసుకెళ్ళేది నేనే అని తన పాసు బల్ల మీద పెట్టేశాడు ఖాలా," తిలక్ రొప్పుతూ చెబుతున్నాడు. "కొత్త కావలివాడికి చెప్పకపోవడం మా అందరి తప్పు అన్నాడు ఒకెల్లో. ఆ రొట్టె నేను కూడా ఏరాను అన్నాడు చెత్త బండాయన. కెప్టెన్ చాలాసేపు కిటికీ వైపు చూశాడు. ఆరోజు మీరంతా ఎందుకు ముద్దు పెట్టుకుని ఏరారో నాకు అర్థం కాలేదు, అడగాలనుకున్నాను అన్నాడు. తరవాత, సరే, ఎవరి పాసూ పోదు, కాఫీ తాగండి అన్నాడు."

నజ్లా ఇంకా ట్రే వైపే చూస్తోంది. "ఐదోది ఏది?"

తిలక్ తల గోక్కున్నాడు. "అబూ మిష్అల్ తాగలేదు."

వెనకనే ఆ నలుగురూ వచ్చారు. మొఖ్లిద్ నుదుటి చెమట తుడుచుకుంటూ గుమ్మంలోనే ఆగాడు. "ఉమ్ షిబ్లీ, నువ్వు నా పేరు చెప్పలేదు. నేను మర్చిపోను," అన్నాడు. వెంటనే గొంతు పెంచి, "కానీ ఆ ముసలాడు మా పరువు తీశాడు! అడిగింది దొరికింది, తాగి లేవాలా వద్దా? ఒక కాఫీకి రెండు కోరికలు అడుగుతారా ఎక్కడైనా? మేం తాగాం. తను కప్పు ముందు అలాగే కూర్చున్నాడు. ఇదేం పద్ధతి అంటే ఏమన్నాడో తెలుసా? ఐదు కప్పులు పెట్టారు కదా. నాలుగు ఆవిడకి. ఒకటి రొట్టెకి, అన్నాడు."

"నిజార్ దాన్ని తర్జుమా చేశాడా?" సబ్హా అడిగింది.

"చేసి, కెప్టెన్‌కి క్షమాపణ కూడా చెప్పుకున్నాడు."

"చల్లారిపోయి ఉంటుంది. వేడి చేసి పంపనా, ఖాలా?" అంది ఇల్హామ్, గిన్నె అందుకుంటూ.

"వద్దు," అంది నజ్లా. "అదే ఉండాలి." తిలక్‌ని ఖాళీ ట్రేతో మళ్ళీ కెప్టెన్ తలుపు దగ్గరికి పంపింది.

ఆదివారం నుంచీ తన గురించే అనుకుంది ఆమె. తన పాసు, తన పొయ్యి, తన బస్సు. జేబులో గుండీ పెట్టుకుని ఆ మనిషి మోస్తున్నవి రెండు. ఆమె తడిగుడ్డ పిండి మీద కప్పి, చేతులు కడుక్కుని, కిటికీ దగ్గర నిలబడింది.  మొఖ్లిద్ కూడా గొణగడం మాని పక్కకి వచ్చి నిలబడ్డాడు. బాట మీద ఎవరూ లేరు. చలి లారీ గురక పెడుతూనే ఉంది.

మొదట తిలక్ కనిపించాడు. ఈసారి పరిగెత్తడం లేదు. రెండు చేతుల్తో ట్రే పట్టుకుని, మధ్యలో ఒక్క కప్పు పెట్టుకుని, ఒలికేదేమీ లేకపోయినా ఒలుకుతుందేమో అన్నట్టు నడిచి వచ్చాడు. నజ్లా కప్పు తీసి చూసింది. చల్లారిన కాఫీ అంచున గోధుమ గీత కట్టింది. అడుగు వరకూ తాగేశాడు.

వెనకనే అబూ మిష్అల్, రుమాలు విప్పి భుజాన వేసుకుంటూ, వస్తూ వస్తూనే అరుస్తున్నాడు.

"ఎవరు చేశారీ కాఫీ? చల్లారేసరికి విషంలా అయింది! తిలక్, ఆ లారీని లోపలికి వదలమను, పాకెట్లు చలి గదిలో ఆఖరి వరసలో పెట్టించు. గాలి లేచిన రోజుల కోసం. ఒకెల్లో, వెనక కంచె కొక్కేనికి తెల్లరంగు వేయించి నంబరు రాయించు. మీ కొత్తవాడికి బురుజు ఎక్కే ముందు చూపించు. మొఖ్లిద్, ఖాళీ డబ్బాలకిచ్చే ఆకుపచ్చ చీటీయే, అందులో ఒక వరస ఎక్కువ. గొట్టాల పెట్టెలో దాచడం లేదిక, ముందు సీట్లో పెట్టుకుని దర్జాగా వెళ్ళు. సబ్హా, సంచి మూతి కట్టొద్దు. లోపల ఏముందో లోకమంతా చూడాలి."

"హాజరు, హాజరు," అంది సబ్హా వెక్కిరింపుగా. అతను వినిపించుకోలేదు.

నజ్లా ఒక కొత్త మైదా సంచి దులిపి, మూతి రెండు చేతుల్తో తెరిచి పట్టుకుని నిలబడి ఉంది. అతను ఎదురుగా వచ్చి చొక్కా జేబు కోసం తడుముకున్నాడు. ఇవాళ వేసుకున్నది నిలువుటంగీ అని గుర్తొచ్చి, లోపలి జేబులోకి చెయ్యి పెట్టాడు. పాసు బయటికి తీశాడు. తాడుకీ, ఆమె ఫోటో మీదా రొట్టె పొడి అతుక్కుని ఉంది. బొటనవేలితో ఫోటో తుడిచి ఆమె మెడలో వేయబోయి, ఆగి, ఆమె మణికట్టుకి తగిలించాడు. మళ్ళీ చెయ్యి పెట్టి, రాయిలా ఎండిపోయిన సోమవారం నాటి ముక్క తీశాడు. పెదాలకి ఆనించి సంచిలో వేశాడు. ఖాళీ సంచిలో అది చిన్న చప్పుడు చేసింది.

"రేపు సెలవు. శనివారం ఏడింటికి బస్సు. ఆలస్యమైతే ఊరుకోను," అన్నాడు.

"హాజరు," అంది నజ్లా.